కారు పంకా అలిగితే

రోహిణీ కార్తె దగ్గరపడుతున్నదంటే నాకు వచ్చే ఉత్తరాల తీరే మారిపోతుంది. మిక్సీలూ, గీజర్లూ, నీళ్ల మోటార్లూ వెనక్కి పోయి కార్లు ముందుకు వస్తాయి. ఈ వారం వచ్చిన వాటిలో మూడింటిని పక్కపక్కన పెట్టుకుని చదివాను.

ఏలూరు నుంచి ఒక సోదరి ఇలా రాశారు: "మా కారులో ఏసీ గాలి నాలుగో నంబరులో తప్ప రాదు. ఒకటి, రెండు, మూడు నంబర్లకు ఉలుకూ పలుకూ లేదు. నాలుగులో పెడితే తుఫానే. మా అత్తగారికి గుండె జబ్బు. వారానికోసారి 60 కిలోమీటర్లు విజయవాడ ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఏసీ వెయ్యకపోతే ఆవిడకు ఆయాసం, వేస్తే ఆ ఈదురుగాలికి దగ్గు. గ్యాసు పట్టిస్తే సరిపోతుందంటున్నారు. నిజమేనా?"

ఖమ్మం నుంచి ఒక మాస్టారు రాశారు: "హోరు మహా జోరుగా వుంది, చెయ్యి పెట్టి చూస్తే గాలి మాత్రం విసనకర్రపాటి కూడా లేదు. గ్యాసు అయిపోయిందట."

మూడో ఉత్తరం కర్నూలు మిత్రుడిది: "రోడ్డు మీద పోతున్నంతసేపూ హాయిగా చల్లగా వుంటుంది. రైల్వే గేటు దగ్గర ఆగితే వేడి గాలి కొడుతుంది. రెండేళ్లలో మూడుసార్లు గ్యాసు పట్టించాం. నాలుగోసారి పట్టించమంటారా?"

ఊళ్లు వేరు, కార్లు వేరు, జబ్బులు వేరు. మందు మాత్రం ముగ్గురికీ ఒకటే చెప్పారు. తలనొప్పికీ, కాలి బెణుకుకీ, కళ్లకలకకీ ఒకే కషాయం పోసే వైద్యుణ్ణి మనం నమ్ముతామా? అందుకని ముగ్గురికీ నా మొదటి జవాబు ఇది: తొందరపడకండి. గ్యాసు సంగతి తర్వాత. ముందు పంకా ఏం చెబుతున్నదో వినండి.

వంటవాడూ, వడ్డించేవాడూ

కారులో చల్లదనం ఒక శాఖ, గాలి ఇంకొక శాఖ. పెళ్లిలో వంటవాడు వెనక పందిట్లో గాడిపొయ్యి దగ్గర వుంటాడు, వడ్డించేవాడు పంక్తిలో తిరుగుతాడు. విస్తట్లో పప్పు పడకపోతే వంటవాణ్ణి తిట్టి ఏం లాభం? పప్పు గుండిగ నిండా వుండొచ్చు, వడ్డించే మనిషే లేకపోయి వుండొచ్చు.

బానెట్ కింద వుండే కంప్రెసరూ, గొట్టాలూ, వాటిలో తిరిగే గ్యాసూ కలిసి వంటవాడు. మెకానిక్కులు కూలింగ్ కాయిల్ అనే అల్యూమినియం జల్లెడ ఒకటి డ్యాష్‌బోర్డు లోపల వుంటుంది. గ్యాసు దాన్ని చల్లబరుస్తుంది. అక్కడితో దాని పని అయిపోయింది. ఆ చల్లదనాన్ని మన మొహం దాకా తెచ్చి వడ్డించేది పంకా. దీన్నే బ్లోయరు అంటారు. మన కార్లలో చాలావాటికి ఇది ఎడమ సీటు ముందు కాగితాలు పెట్టుకునే అర వెనక దాక్కుని వుంటుంది. మన ఇంటి పంకాలా రెక్కలుండవు. ఉడుత తిరిగే బోను చక్రంలా గుండ్రంగా, సన్నసన్నని పట్టీలతో వుంటుంది.

ఇది గాలిని రెండు దారుల్లో ఏదో ఒకదాని నుంచి తీసుకుంటుంది. ముందద్దం అడుగున వున్న జాలీలోంచి బయటి గాలి, లేదా కారు లోపలి గాలినే మళ్లీ మళ్లీ. ఆ గాలి వడపోత కాగితం గుండా వచ్చి, పంకా గుండా పోయి, కూలింగ్ కాయిల్‌ను తాకి, ఆ తర్వాతే మన దగ్గరికి వస్తుంది. వేడి గాలి కావాలంటే అదే పంకా గాలిని ఇంకొక జల్లెడ మీదికి తోలుతుంది. అందులో ఇంజన్ నుంచి వచ్చే వేడి నీళ్లు తిరుగుతాయి. అంటే చలికాలానికీ, వేసంగికీ వడ్డించేవాడు ఒక్కడే.

కార్లలో ఏసీ పుట్టిన కొత్తలో కూడా ఈ పంకాదే పెత్తనం. 1939లో అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ తన 1940 మోడలు కార్లకు ఏసీ పెట్టి ప్రదర్శించింది. యంత్రం సామాను పెట్టుకునే డిక్కీలో సగం జాగా మింగేసేది. దాన్ని ఆపడానికి డ్యాష్‌బోర్డు మీద మీట లేదు. చలికాలం వస్తే ఇంజన్ ఆపి, బానెట్ ఎత్తి, కంప్రెసరు బెల్టు ఊడదీయాలి. కూర్చున్నవాడి చేతిలో వున్నది పంకా మీట ఒక్కటే. వేడినీ చల్లదనాన్నీ ఒకే పెట్టెలో అమర్చి కారు ముందు భాగంలో పెట్టడం, మామూలు సంసారులు కొనగల ధరకు తేవడం 1954లో నాష్ కంపెనీ చేసింది. ఆ కారు పేరు కూడా అంబాసిడరే. మన హిందుస్తాన్ అంబాసిడరుకూ దానికీ చుట్టరికం లేదు లెండి.

అయిదు నిమిషాల పరీక్ష

ఇప్పుడు మీరు చెయ్యవలసిన పరీక్ష. కారు నీడన నిలపండి. తాళం తిప్పండి, ఇంజన్ స్టార్టు చెయ్యనక్కరలేదు. ఏసీ బొత్తాం ఆపి వుంచండి. పంకాను ఒకటో నంబరు నుంచి వరసగా ఆఖరి నంబరు దాకా తిప్పండి. ఒక్కొక్క నంబరు దగ్గర రెండు సంగతులు చూడండి: చప్పుడు వస్తోందా, చేతికి గాలి తగులుతోందా? ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితమే మీ రోగ నిర్ణయం.

మొదటి రకం: కింది నంబర్లలో ఏమీ లేదు, ఆఖరి నంబరులో మాత్రం జోరుగా తిరుగుతుంది. ఏలూరు సోదరి బాధ ఇదే. దీనికి కారణం నూటికి తొంభై పాళ్లు రెసిస్టరు అనే చిన్న వస్తువు. పూర్వం మన గోడల మీద పెద్ద నల్లటి పంకా రెగ్యులేటర్లు వుండేవి, గంటసేపు తిరిగితే చెయ్యి కాలేది, జ్ఞాపకం వుందా? అదే పద్ధతి. కింది నంబర్లలో కరెంటు ఆ రెసిస్టరు తీగెల గుండా పోయి, కొంత అక్కడ వేడిగా ఖర్చయి, మిగిలింది మోటారుకు చేరుతుంది. ఆఖరి నంబరులో దాన్ని తప్పించుకుని తిన్నగా మోటారుకు పోతుంది. అంచేత రెసిస్టరు తెగినా నాలుగో నంబరు పని చేస్తుంది. మోటారు బాగానే వున్నదనడానికి అదే సాక్ష్యం.

సోదరీ, మీ కారుకు గ్యాసు అక్కరలేదు. రెసిస్టరు చాలా కార్లలో తక్కువ ఖరీదు వస్తువు. పంకా పక్కనే గాలి దారిలో రెండు మరలతో బిగించి వుంటుంది, మార్చడానికి అట్టే సేపు పట్టదు. మార్చేటప్పుడు దాని తీగెల ప్లగ్గు కూడా చూడమనండి. ప్లగ్గు నల్లబడో, కరిగో వుంటే దాన్నీ మార్చాలి. కొత్త రెసిస్టరు కూడా నాలుగు నెలలకే తెగితే అసలు దొంగ మోటారే. ముసలి మోటారు బిగుసుకుపోయి ఎక్కువ కరెంటు లాగుతూ వుంటుంది. ఒక చిన్న హెచ్చరిక: డిగ్రీల అంకె పెడితే తనంతట తాను సర్దుకునే ఏసీ వున్న కార్లలో ఈ రెసిస్టరు బదులు ఎలక్ట్రానిక్ పలక వుంటుంది, ఖరీదు ఎక్కువ. అక్కడ ఊహతో కాక మీటరు పెట్టి చూసి మార్చాలి.

రెండో రకం: ఏ నంబరులోనూ చప్పుడు లేదు, గాలి లేదు. ఇందులో అనుమానితులు నలుగురు: ఫ్యూజు, రిలే, తీగెల బిగింపు, మోటారు. ఫ్యూజు పెట్టె ఎక్కడ వుందో కారుతో ఇచ్చిన పుస్తకంలో బొమ్మ వుంటుంది. తాళం తీసేసి, పంకా ఫ్యూజును ఊడదీసి వెలుతురుకు ఎత్తి పట్టండి. మధ్య తీగె తెగి వుంటే కాలినట్టు. దాని మీద అంకె వుంటుంది, రంగు కూడా దాన్నిబట్టే: పసుపు 20 ఆంపియర్లు, తెలుపు 25, ఆకుపచ్చ 30. ఏ అంకె తీశారో అదే అంకె పెట్టండి. ఫ్యూజు బాగానే వుంటే, అర కింద చెయ్యి పెట్టి, స్క్రూడ్రైవరు పిడితో మోటారు డొక్క మీద మెల్లగా రెండు దెబ్బలు తట్టించి చూడండి. తట్టగానే తిరిగితే లోపలి కార్బన్ బ్రష్షులు అరిగిపోయాయన్నమాట. ఆ రోజుకు ఇల్లు చేరుస్తుంది. దాన్ని నమ్మి తిరుపతి యాత్ర పెట్టుకోకండి, మోటారు మార్పించండి.

ఫ్యూజు చేసిన నేరం ఏమిటి?

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. కాలిన ఫ్యూజు మార్చగానే మళ్లీ కాలిందనుకోండి. మూడోది పెట్టకండి. పెద్ద అంకెది అసలే పెట్టకండి. సిగరెట్టు పెట్టెలో వెండి కాగితం, రాగి తీగె పోచ, గుండుసూది లాంటి తెలివితేటలు ఎవరైనా చూపించబోతే చెయ్యి పట్టుకుని ఆపండి.

ఎందుకో లెక్క చెబుతాను. మన ఇంట్లో సీలింగు పంకా 75 వాట్లదైతే, 230 వోల్టుల మీద అది లాగే కరెంటు ఆంపియరులో మూడో వంతు. కారులో బ్యాటరీ 12 వోల్టులే. చాలా కార్లలో పంకా ఆఖరి నంబరులో 20 ఆంపియర్ల దాకా లాగుతుంది. అంటే 240 వాట్లు. ఇంటి పంకా తీగెలో పోయే కరెంటుకు అరవై రెట్లు ఆ తీగెల్లో పోతున్నదన్నమాట. ఎక్కడ బిగింపు కొంచెం వదులైనా ఆ చోటు నిప్పుకణికలా కాగుతుంది. మోటారు బిగుసుకుంటే ఇంకా ఎక్కువ లాగుతుంది. అప్పుడు తాను చచ్చి తీగెల్ని బతికించేది ఫ్యూజు. దాని స్థానంలో రాగి తీగె చుడితే అది చావదు, తీగెలు కాలతాయి.

ఇది పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. 2019 మే నెలలో మా బంధువుల కారులో రాజమండ్రి నుంచి అన్నవరం పోతున్నాం. వెనక ముగ్గురు పిల్లలు, వాళ్ల అమ్మమ్మ. జగ్గంపేట దాటేసరికి ఏదో మాడిన కంపు. పొలాల్లో గడ్డి తగలబెడుతున్నారేమోనన్నాడు డ్రైవరు. అద్దాలు దించితే కంపు తగ్గింది, ఎత్తితే పెరిగింది. గడ్డి కంపైతే దానికి వ్యతిరేకంగా జరగాలి కదా! బండి పక్కకు ఆపించి, అందర్నీ దింపి, బ్యాటరీ తీగె ఊడదీయించాను. ఫ్యూజు పెట్టె మూత తీస్తే పంకా ఫ్యూజు వుండవలసిన చోట రాగి పోచలు మెలిపెట్టి వున్నాయి. వారం కిందట దారిలో ఎవరో అయిదు నిమిషాల్లో బాగు చేసి పంపారట. తీగె మీది తొడుగు జానెడు పొడుగున కరిగి, పక్క తీగెకు అంటుకుని వుంది. దాని కిందే తివాచీ. ఇంకొక పావుగంట ఎవరూ పట్టించుకోకపోతే ఏమయ్యేదో ఆ పిల్లల అమ్మమ్మకు నేను చెప్పలేదు. మీకు మాత్రం చెబుతున్నాను. పంకా తిరగకపోతే ఉక్కపోతతో పోతుంది. ఫ్యూజును మోసం చేస్తే ఉక్కపోతతో పోదు.

అంచేత కారులో మాడు కంపు వస్తే చర్చలు పెట్టుకోకండి. పంకా ఆపండి, బండి ఆపండి, మనుషుల్ని దింపండి. ఆ తర్వాత కారణం వెతుక్కోవచ్చు.

హోరు వుంది, గాలి లేదు

ఖమ్మం మాస్టారూ, ఇక మీ వంతు. మోటారు తిరుగుతోంది, గాలికి దారి లేదు. మొట్టమొదట వడపోత కాగితాన్ని చూడండి. దీన్ని ఏసీ ఫిల్టరు అంటారు. చాలా కార్లలో కాగితాల అరను ఖాళీ చేసి, రెండు పక్కలా లోపలికి నొక్కితే అర కిందికి వాలుతుంది, వెనక చిన్న మూత కనబడుతుంది. అందులోంచి ఫిల్టరు బయటికి లాగండి. లాగేటప్పుడు పసుపు రంగు తొడుగు వున్న తీగెల జోలికి పోవద్దు, అవి ప్రమాదంలో ఉబ్బే గాలి సంచులవి. ఫిల్టరు తెల్లగానో బూడిద రంగులోనో వుండాలి. మీదాంట్లో వేపాకులూ, దుమ్మూ, దోమలూ, మిర్చి యార్డు వైపు రాకపోకలుంటే ఎర్ర ధూళీ కనబడతాయి. మరీ పాడవకపోతే నేల మీద తట్టి దులపండి. నీళ్లతో కడగకండి, కాగితం ముద్దయిపోతుంది. మన దుమ్ము రోడ్ల మీద ఏడాదికొకటి మార్చడం మంచిది. ఫిల్టరు తీసేసి పంకా వేసి చూడండి. గాలి జోరందుకుంటే జబ్బు తెలిసిపోయింది. అలాగని ఫిల్టరు లేకుండానే తిరిగితే ఆ దుమ్మంతా పోయి తడిగా వుండే కూలింగ్ కాయిల్ మీద అట్టకడుతుంది. దాన్ని శుభ్రం చెయ్యాలంటే డ్యాష్‌బోర్డు విప్పవలసి రావచ్చు.

చెట్టు కింద కారు పెట్టేవాళ్లకు ఇంకొక చిక్కు. ముందద్దం అడుగు జాలీలోంచి ఆకులు లోపలికి పోయి పంకాలో పడి టకటకమంటాయి. వడ్ల కొట్టు పక్కన పెట్టే కార్లలో ఎలుకలు ఫిల్టరును కొరికి గూడే కట్టేస్తాయి. చప్పుడు ఎక్కడిదో తెలుసుకోవడానికి ఒక కిటుకు వుంది. పంకా నంబరు మారిస్తే చప్పుడూ మారుతున్నదా? అయితే అది పంకాదే. పంకా మార్చినా మారక, ఇంజన్ వేగంతో మారుతున్నదా? అయితే అది బానెట్ కింది బెల్టుదో, కంప్రెసరుదో. ఈ ఒక్క ముక్క చెబితే మెకానిక్కుకు సగం పని తగ్గుతుంది.

కొందరికి ఇంకొక రకం వస్తుంది. బయల్దేరినప్పుడు గాలి బాగానే వుంటుంది. గంట ప్రయాణం కాగానే సన్నగిల్లిపోతుంది. టిఫిన్‌కు ఆగి మళ్లీ ఎక్కితే మామూలే. ఇది కూలింగ్ కాయిల్ మీద మంచు గడ్డకట్టడం. ఫిల్టరు మూసుకుపోయినా, మంచు కట్టకుండా చూసే సెన్సరు చెడినా, గ్యాసు తక్కువైనా ఇలా అవుతుంది. దారిలో చెయ్యదగింది ఏమిటంటే, ఏసీ బొత్తాం మాత్రం ఆపి, పంకాను పది నిమిషాలు పెద్ద నంబరులో తిరగనివ్వండి. మంచు కరిగి గాలి వస్తుంది. కారణం మాత్రం తర్వాత వెతికించాలి.

రైల్వే గేటు దగ్గర వేడి

కర్నూలు మిత్రుడికి చెప్పవలసింది రెండో పంకా సంగతి. రేడియేటరు ముందు కండెన్సరు అనే ఇంకొక జల్లెడ వుంటుంది. కారు లోపలి వేడినంతా మోసుకొచ్చిన గ్యాసు దాన్ని అక్కడ దించుకోవాలి. బండి పరుగెడుతుంటే ఎదురుగాలే ఆ పని చేస్తుంది. బండి ఆగితే అక్కడి కరెంటు పంకా తిరగాలి. అది తిరగకపోతే మీరు రాసినట్టే జరుగుతుంది: పరుగులో చల్లన, ఆగితే వేడి. గ్యాసు ఎన్నిసార్లు పట్టించినా గేటు దగ్గర మళ్లీ అదే కథ.

ఇంటి దగ్గర ఇంజన్ స్టార్టు చేసి, ఏసీ వేసి, బానెట్ ఎత్తి ఆ పంకా తిరుగుతున్నదేమో దూరం నుంచే చూడండి. చేతులూ, పైట కొంగూ, జడా దగ్గరికి పోనివ్వకండి. కొన్ని కార్లలో ఇంజన్ ఆపిన తర్వాత కూడా ఆ పంకా హఠాత్తుగా తిరుగుతుంది. తిరగడం లేదని తేలితే దాని ఫ్యూజు, రిలే, మోటారు చూపించండి. అంతవరకూ వేడి ముల్లు మీద కన్నేసి వుంచండి. ఇంజన్ చల్లబడడానికీ ఆ పంకాయే కావాలి కాబట్టి ఈ జబ్బును ఉపేక్షిస్తే ఇంజనుకే ముప్పు. పంకా బాగా తిరుగుతూ కూడా ఇలాగే వుంటే కండెన్సరు మీద పేరుకున్న మట్టిని మెల్లని నీటి ధారతో కడిగించండి. అప్పటికీ తగ్గకపోతే గేజీ పెట్టి చూడమనండి.

మరి గ్యాసు ఎప్పుడు?

గ్యాసు పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాసు తిరుగుతూ వుంటుంది. రబ్బరు గొట్టాల గుండా ఏళ్ల మీద కాస్త తగ్గడం వుంది గాని, ఆరు నెలలకొకసారి అయిపోతున్నదంటే ఎక్కడో చిల్లి వున్నట్టే. చిల్లి కుండలో నీళ్లు పోస్తూ కూర్చుంటామా? పంకా పరీక్షలన్నీ నెగ్గి, గాలి జోరుగా వస్తూ, చల్లదనం మాత్రం లేకపోతే అప్పుడు గ్యాసు మాట ఎత్తండి. ఎత్తినా ముందు లీకు ఎక్కడో చూపించమనండి. తర్వాత తూకం అడగండి. ఏ గ్యాసు, ఎన్ని గ్రాములు పట్టాలో బానెట్ కింద చీటీ అంటించి వుంటుంది. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది. పాత కార్లలో ఆర్-12 వుండేది. ఓజోను పొరకు చేటని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తర్వాత దాన్ని మాన్పించారు. తర్వాత ఆర్-134ఏ వచ్చింది, ఇటీవలి కొన్ని కార్లలో ఆర్-1234వైఎఫ్ వుంది. ఒకదానిలో ఒకటి కలపకూడదు.

హీటరు మనకెందుకని?

మైదానంలో వుండేవాళ్లకు ఎర్ర రంగు వైపు మీట తిప్పే అవసరమే రాదు. అయినా దాని సంగతి తెలిసి వుండాలి. లంబసింగి పొగమంచులో, అరకు ఘాటీలో, శ్రావణమాసం వానలో ముందద్దానికి లోపల ఆవిరి పట్టి రోడ్డు కనబడదు. అప్పుడు గాలిని అద్దం వైపు తిప్పి, ఏసీ వేసి, బయటి గాలి వచ్చేలా పెట్టండి. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది, కాస్త వేడి కలిపితే ఇంకా త్వరగా తేటపడుతుంది. అద్దానికి బయటి వైపు ఆవిరి పడితే మాత్రం అద్దం మరీ చల్లబడిందన్నమాట. వైపరు వేసి, చల్లదనం తగ్గించి, గాలిని అద్దం మీద నుంచి తప్పించండి. పంకా చెడితే ఇవేవీ కుదరవు. ఎదుటి లారీ కనబడకుండా మలుపు తిరగవలసి వస్తుంది. అందుకే పంకా ఒట్టి విలాసం కాదంటాను.

అమెరికాలో చలి ప్రాంతాల్లో పిల్లలున్నవాళ్లు ఈ ముక్క వాళ్లకు చదివి వినిపించండి. పంకా బాగా తిరుగుతూ హీటరులో చల్లగాలి వస్తుంటే ఇంజన్ నీళ్లు తక్కువై వుండొచ్చు, థర్మోస్టాటు తెరుచుకునే వుండిపోయి వుండొచ్చు. లోపల తియ్యని వాసన వేస్తూ, ముందద్దం మీద జిడ్డుగా పొర కడుతుంటే హీటరు జల్లెడ కారుతున్నట్టు. వేడి ఇంజన్ మీద రేడియేటరు మూత ఎన్నడూ తియ్యకూడదు. బ్యాటరీతో నడిచే కార్లలో హీటరు తీరే వేరు. వాటిలో నారింజ రంగు తీగెలు ఎక్కువ వోల్టుల కరెంటువి, ఇంటి వైద్యం పనికిరాదు.

ఎండలో దారి మధ్య పంకా ఆగిపోతే పంతానికి పోకండి. అద్దాలు దించి, నీడ చూసి ఆపి, పెద్దవాళ్లకూ పిల్లలకూ మంచినీళ్లు పట్టండి, పొద్దువాలాక కదలండి. "ఇప్పుడే వస్తాం" అని పిల్లల్ని మూసిన కారులో వదలకండి. ఎండలో పది నిమిషాల్లోనే లోపలి వేడి పది డిగ్రీల దాకా పెరుగుతుంది. ఏసీ వేసుకుని, ఇంజన్ నడుస్తుండగా షెడ్డులో కారులో పడుకోవడం ఇంకా ప్రమాదం. పొగగొట్టంలోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు.

మెకానిక్కు దగ్గరికి పోయినప్పుడు "ఏసీ పని చెయ్యడం లేదు" అనకండి. ఆ మాటకు జవాబు గ్యాసే. మీరు రాసుకున్న కాగితం చేతిలో పెట్టండి: ఏ నంబరులో చప్పుడుంది, ఏ నంబరులో గాలుంది, ఆగినప్పుడెలా, పరుగులో ఎలా. మార్చిన పాత వస్తువు అడిగి తీసుకోండి. నిజాయితీగా పని చేసేవాడు సంతోషంగా ఇస్తాడు.

వచ్చే వారం, మృగశిర రాకముందే, వైపర్ల సంగతి చూద్దాం. రాసేవాళ్లు కారు ఏ సంవత్సరానిదో మరచిపోకుండా రాయండి.